ఐదో వేలిముద్ర

మస్టర్ పుస్తకం, అంటే మీటింగుల హాజరు పుస్తకం, నా దగ్గరికి వచ్చి నెల దాటింది. శ్రీరాంపూర్ నుంచి స్వరూప పంపించింది. నేను పెరిగిన బొగ్గుగని క్వార్టర్ల మధ్య ఒక బాలవాడి ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని నడిపే తల్లుల సంఘానికి స్వరూప ఇప్పటి అధ్యక్షురాలు. బీరువా అడుగున చినిగిన చాపలూ, విరిగిన పలకలూ తీసి పారేస్తుంటే వాటి కింద దొరికిందట. అట్ట ఊడింది, అంచులను చెదలు కొరికాయి, లోపలి కాగితం మాత్రం గట్టిగానే ఉంది. మధ్యలో ఒక చీటీ పెట్టింది. "మీ అవ్వ ఏలిముద్రలు మస్తుగున్నయి మేడం. బాలవాడికి అవ్వ పేరు పెడుదామనుకుంటున్నం. జర ఆమె గురించి నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి, బోర్డు మీద రాపిస్తం." ముప్పై ఏళ్లు కరీంనగర్ బడుల్లో పిల్లలచేత వ్యాసాలు రాయించినదాన్ని, కన్నతల్లి గురించి నాలుగు ముక్కలు ఎంతసేపు అనుకున్నాను. నెల గడిచింది. రాసినవి నాలుగు కాగితాలు, చింపినవీ నాలుగే.

ఆ బాలవాడి ఎందుకు పుట్టిందో చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. పిల్లల చదువు కోసం కాదు, మొగవాళ్ల నిద్ర కోసం. మా క్వార్టర్‌కు రెండే గదులు. బాపు రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికి వచ్చేవాడు. సబ్బుతో ఎంత రుద్దినా ఆయన కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలాగా మిగిలే ఉండేది. ఇంత తిని ముందుగదిలో పడుకునేవాడు. అవ్వ కిటికీకి నల్ల చెద్దరు కట్టేది. ఇక అప్పటినుంచి ఇంట్లో మేమందరం దొంగలమే. అవ్వ తన గాజులను మోచేతిదాకా ఎగదోసి, చప్పుడు కాకుండా పాత గుడ్డపేలికతో కట్టేసుకునేది. బోళ్లు తోమడం బాపు లేచాకే. ఆవాలు చిటపటమంటాయని పోపు కూడా అప్పుడే. నేను దగ్గబోతే నోటికి కొంగు అడ్డం పెట్టేది. పక్క క్వార్టర్లో పిల్ల ఏడిస్తే ఇవతలి నుంచి ఎవరో గోడ మీద చరిచేవారు. నిద్ర చాలక గనిలో మనిషికి ఏమన్నా అయితే అన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉండేది కానీ నోటితో అనేవారు కారు. నాలుగేళ్ల పిల్లను అన్ని గంటలు నోరు మూసి కూర్చోబెట్టడం ఎవరివల్ల అవుతుంది? చివరికి మా వరుసల ఆడవాళ్లే కూడబలుక్కుని, ఊరికే పడి ఉన్న గోదాము గది ఒకటి కంపెనీవాళ్లను అడిగి తీసుకున్నారు. సున్నం వేశారు, చాపలు పరిచారు. అడగడానికి అందరికంటే ముందు నడిచింది మా అవ్వ రాజవ్వ. ఆమెకు అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం దేవుడు నలుగురికి సరిపడా ఇచ్చాడు.

గది దొరికాక దాన్ని ఎవరు నడపాలి అన్న దగ్గర తకరారు మొదలైంది. గనిలో మొగవాళ్లు మూడు జట్లు. ఈ వారం పొద్దున షిఫ్టుకు పోయిన జట్టు పై వారం వేరే షిఫ్టుకు మారుతుంది. మొగుడు పొద్దున షిఫ్టుకు పోయిన వారమే ఆడవాళ్లకు పగలు తీరిక. మిగతా రెండు వారాలు పొద్దంతా మనిషి ఇంట్లోనే ఉంటాడు, ఉంటే వండిపెట్టాలి, పడుకుంటే కాపలా కాయాలి. అందుకని ఏ వారం ఎవరి మొగుళ్లు పొద్దున షిఫ్టులో ఉంటే ఆ వారం వాళ్ల పెండ్లాలే బాలవాడికి పెద్దలు. అంటే వారానికో సర్కారు. ఈ వారంవాళ్లు పిల్లలకు పాలు పోయాలనేవారు, పై వారంవాళ్లు గంజి చాలనేవారు, మూడో వారంవాళ్లు ఇంట్లో తాగి రాకుండా ఇక్కడ ఏందని కోపానికి వచ్చేవారు. పిల్లలం మాకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఏ వారం గ్లాసు తెచ్చుకోవాలో, ఏ వారం గిన్నె తెచ్చుకోవాలో తెలియక నేను రెండూ పట్టుకుపోయేదాన్ని.

దాన్ని ఒక దారికి తెచ్చింది, బాలవాడిలో మాకు పాఠాలు చెప్పే రాహేలు టీచరమ్మ. ఆమెది చొప్పదండి దిక్కు మిషన్ కుటుంబం. చర్చి కమిటీలో పెద్దలు కూర్చుని మాట్లాడటం, మాట్లాడింది రాసుకోవడం, రాసింది మళ్లీ చదివి వినిపించడం చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. మూడు రోజులు బతిమాలి, అందరితో ఒక కట్టుబాటు పెట్టించింది. ఏ తీర్మానమైనా వరుసగా మూడు వారాలు, మూడు జట్ల ఆడవాళ్ల ముందూ పెట్టాలి. ప్రతి వారం కనీసం ఐదుగురు రావాలి, వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేతులెత్తాలి. ఒక్క వారం ఐదుగురు రాకపోయినా తీర్మానం పడిపోయినట్లే, మళ్లీ ఏడాదిదాకా దాని ఊసు ఎత్తకూడదు. గడప దాటి లోపలికి వచ్చిన మనిషి మొట్టమొదట పుస్తకంలో వేలిముద్ర వేయాలి. గనిలో మస్టర్ పడనిదే ఎవరూ కిందికి దిగరు, ఇక్కడ మస్టర్ పడనిదే ఎవరూ నోరు తెరవకూడదు. ఆడవాళ్లు ఆ మాట వెంటనే ఒప్పుకున్నారట. గని పద్ధతి అంటే అందరికీ తెలిసిన పద్ధతి.

ఇక వాళ్లను మీటింగుకు రప్పించడానికి టీచరమ్మ ఇంకో ఉపాయం పన్నింది. గుడాలు. మీటింగు రోజు అలసందలో శనగలో ఉడకబెట్టి, ఉల్లిగడ్డా ఎండుమిరపకాయా వేసి పోపు పెట్టి, మోదుగాకు దొప్పల్లో పోసి పిల్లలకు ఇచ్చేది. కానీ తల్లి వచ్చిన పిల్లకే గుడాలు, తల్లి రాని పిల్లకు లేవు. ఇంట్లో పోపు వాసనకు కూడా మొహం వాచిన మాకు ఆ గుడాలంటే ఎంత ప్రాణమో చెప్పలేను. మీటింగు రోజు పొద్దున్నే అవ్వ కొంగు పట్టుకుని "ఇయ్యాల్ల పోదామే, పోదామే" అని ఆమె ప్రాణం తీసేదాన్ని. ఇప్పటికీ ఎక్కడన్నా అలసందలు ఉడుకుతుంటే నా కాళ్లు ఆగుతాయి.

నా చాప మీద నా పక్కన సోంబాయి కూర్చునేది. జైనూర్ దిక్కు గోండుల పిల్ల. వాళ్ల అమ్మానాన్నలు కాంట్రాక్టరు కింద రోడ్డు పనికి వచ్చి, క్వార్టర్ల వెనక గుడిసె వేసుకున్నారు. తల్లి పనికి పోతూ పిల్లను బాలవాడి మెట్టు మీద దించి పోయేది. ఎన్నాళ్లని బయట కూర్చుంటుందని రాహేలు టీచరమ్మ లోపలికి పిలిచింది. దానికి తెలుగు సరిగా రాదు, నాకు గోండీ రాదు, అయినా మా మాటలకు అంతు ఉండేది కాదు. వాళ్ల అమ్మ మీటింగులకు రాదు కనుక దానికి గుడాలు రావు. నా దొప్పలో సగం దానికి పెట్టేదాన్ని. అది గౌను అంచులో ముడి వేసి దాచిన వేయించిన ఇప్పపువ్వు నాకు పెట్టేది. ఒకనాటి నుంచి అది చాప మీదికి రాలేదు. అవ్వను అడిగితే "వాళ్లు ఊరికి పోయిండ్రు" అన్నది. నేను నమ్మాను. అరవై దాటేదాకా అదే నమ్ముతూ ఉన్నాను.

ఇప్పుడు పుస్తకం సంగతి. టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో ఒక తీర్మానం ఉంది. "జాగ చాలనందున క్వార్టర్ల పిల్లలను మాత్రమే చేర్చుకొనవలెను. గుడిసెల పిల్లలను తీసుకొనరాదు." పెట్టింది గనిలో పనివాళ్లపై అజమాయిషీ చేసే మైనింగ్ సర్దార్ భార్య, అందరూ సర్దారమ్మ అనేవారు. మొదటి వారం ఏడు ముద్రలు, రెండో వారం ఆరు, మూడో వారం సరిగ్గా ఐదు. కింద "తీర్మానము నెగ్గినది" అని ఉంది. ఎవరు చేతులెత్తారో, ఎవరు ఎత్తలేదో రాయలేదు. మూడో వారంలో చివరి ముద్ర మా అవ్వది. ముందు పేజీల్లోలాగా పక్కన పేరు లేకపోయినా గుర్తుపడతాను. చిన్నప్పుడు కొడవలి తెగిన గాటు ఆమె బొటనవేలికి అడ్డంగా ఉండేది, ముద్రలో అది తెల్లటి గీతలా పడేది. ఆ పేజీ తర్వాత పుస్తకం ఇంకా సగం ఉంది. ఆ సగంలో తెల్లగీత ముద్ర ఒక్కటీ లేదు.

నాకు బుర్ర పనిచేయలేదు. సోంబాయి ఊరికి పోలేదు, గెంటేశారు. గెంటినవాళ్లలో మా అవ్వ ఉంది, అదీ ఐదో మనిషిగా. ఒక పూట, అవ్వ అట్లా చేయదు, కరువు రోజుల్లో కూడా బిచ్చగాడిని ఉత్త చేతులతో పంపని మనిషి అనుకునేదాన్ని. ఇంకో పూట, "దాని తలకాయకు తలకాయ ఆనించకు, పేన్లు ఎక్కుతయి" అని సోంబాయి గురించి నన్ను కసిరింది కూడా ఆమే కదా అనిపించేది. ఏది మా అవ్వ? పోయిన మనిషిని అడగలేను. అడగకుండా బోర్డు మీద ఏమని రాయను? దయామయి అని రాయనా? పేన్లకు భయపడిన ఇల్లాలు అని రాయనా? అన్నం తింటూ ఆమెతో పోట్లాడేదాన్ని, చేయి కడుక్కుంటూ క్షమించేదాన్ని, సాయంత్రానికి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. ఇక లాభం లేదని ఒకనాడు చొప్పదండి బస్సెక్కాను. రాహేలు టీచరమ్మ ఇంకా ఉందని, అక్క కొడుకు ఇంట్లో ఉంటోందని తెలుసు.

ఎనభై దాటిన మనిషి. చూపు ఆనడం లేదు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని చేతులతో నా మొహం తడిమి చూసింది. "రాజవ్వ బిడ్డవా? గుడాల పోరివి గద నువ్వు!" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పుస్తకం సంగతి చెప్పి, ఆ తీర్మానం చదివి వినిపించి, "మా అవ్వ ముద్ర ఎందుకు వేసింది టీచరమ్మా?" అని అడిగేశాను.

"ఒప్పుకోని ఎయ్యలే బిడ్డా, కొట్లాడనీకె వచ్చింది" అన్నది. "మస్టర్ పడందే మాట్లాడనియ్యరు గద. ఏసింది. ఏసి గంటసేపు లొల్లి పెట్టింది. మన మొగోళ్ల నిద్రే నిద్రనా, రోడ్డు కూలోళ్ల పిల్లలు పిల్లలు గాదా అని సర్దారమ్మ మీదికి ఉరికింది. ఆఖరికి చేతులెత్తుండ్రి అంటె నలుగురు అటు, మీ అవ్వొక్కతే ఇటు."

నా గుండె మీది నుంచి బండ దిగినట్లయింది. టీచరమ్మ మాత్రం ఆగలేదు.

"గాని ఆమె ఆ పొద్దు రాకపోతె బాగుండు బిడ్డా. ఆ జట్టుల ఉన్నదే ఆరుగురు. ఒకామె కాన్పుకు తల్లిగారింటికి పోయింది. మీ అవ్వ ఇంట్ల కూసుంటె వచ్చేది నలుగురే, తీర్మానం పడిపోతుండె. ఏడాదిదాక ఎవ్వలు ఎత్తకపోదురు. ఆమె వచ్చి ఏలు పెట్టంగనే ఐదుగురైండ్రు. కొట్లాడనీకె వచ్చి దాన్నే గెలిపిచ్చి పోయింది."

"మీరు తీసేయొచ్చు కదా ఆ ముద్ర?"

"నేను పెట్టిచ్చిన కట్టుబాటు నేనే ఎట్ల దాటుదు?"

"పోనీ రావద్దని ముందే చెప్పలేకపోయారా?"

ఆమె మంచం నులక గిల్లుతూ కూర్చుంది. "చెప్పి పంపిన" అన్నది. "నీతోనే."

ఆమే చెప్పుకుపోయింది. "పొద్దున నువ్వు ముందుగాల వచ్చినవు. ఇయ్యాల్ల మీటింగుకు రావద్దని టీచరమ్మ చెప్పిందని మీ అవ్వకు చెప్పి రాపో అన్న. ఉరికినవు. మల్ల ఉరికొచ్చినవు. చెప్పినవా అంటె చెప్పిన అన్నవు. జరసేపటికి మీ అవ్వ రానే వచ్చె. తెల్లారి ఆమెను అడిగిన. నాకెవ్వలు చెప్పలే అన్నది. తర్వాత ఆమెకే సమజైంది. గుడాలు పోతయని చెప్పకపోయి ఉంటది, చిన్నపోరి, దానికి ఈ సంగతి ఎన్నడు తెల్వనియ్యకు టీచరమ్మా అని నా చేతులు పట్టుకున్నది. గప్పటిసంది సంఘం గడప తొక్కలే."

"మరి ఇన్నేళ్లకు ఎందుకు తెల్వనిచ్చారు?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"నువ్వు మీ అవ్వను అనుమానపడవడితివి. పోయిన మనిషి మీద ఎందుకు ఆ బరువు? నువ్వు బతికున్నవు, మొయ్యి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా వెతుక్కున్నాను. టీచరమ్మ చెప్పమన్న మాట నాకు గుర్తులేదు. నిజంగా లేదు. క్వార్టర్ మలుపు దగ్గర నల్లాదాకా ఉరికి, అక్కడ కాసేపు నిలబడి, కాళ్లు తడుపుకుని వెనక్కి వచ్చినట్లు ఒకటి కళ్ల ముందు ఆడింది. అది నా జ్ఞాపకమో, ఆమె చెప్పాక నేను అల్లుకున్నదో తేల్చుకోలేకపోయాను. ఒకటి మాత్రం బాగా గుర్తుంది. ఒక మీటింగు రోజు దొప్ప నిండా అలసందలు మొత్తం నేనే తిన్నాను. సగం పెట్టడానికి పక్కన ఎవరూ లేరు. అవ్వ వచ్చిన చివరి మీటింగు అదే అయ్యుండాలి, చేతులెత్తగానే సోంబాయిని బయటికి పంపి ఉంటారు. ఇంకొకటి కూడా గుర్తుంది, ఇన్నాళ్లూ అది వేరే ఏదో రోజుదని అనుకున్నాను. సోంబాయి మెట్టు మీద కూర్చుని ఉంటుంది, తలుపు సగం మూసి ఉంటుంది, అది లోపలికి చూస్తుంది, నేను బయటికి చూస్తాను. మూడు రోజులో నాలుగు రోజులో. తర్వాత మెట్టు మీద కూడా లేదు. అబద్ధం చెప్పారని ఎంతమంది పిల్లలను నా సర్వీసులో ఎండలో నిలబెట్టానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మా అవ్వ నన్ను ఒక్కనాడూ నిలబెట్టలేదు. తెలిసి కూడా అదే రోజు నా తల దువ్వి ఉంటుంది, నాకు అన్నం కలిపి పెట్టి ఉంటుంది.

స్వరూపకు ఫోన్ చేసి, అవ్వ పేరు పెట్టవద్దని చెప్పాను. తనే అలిగి వదిలి వచ్చిన సంఘానికి ఆమె పేరు ఎట్లా పెడతారు? కారణం అంతా చెప్పబోయాను. "ఫోన్ల ఏం సమజైతది మేడం, మీటింగుకు వచ్చి చెప్పుండ్రి, అందరు వింటరు" అన్నది. "మీ అవ్వ జాగ మీదే గద." నిజమే. మొదట గది అడిగినవాళ్ల స్థానం కూతుళ్లకు వస్తుందని ఒక నియమం ఉంది. ఏడాదికోసారి పోస్టులో కాగితం వచ్చేది, నేను పక్కన పడేసేదాన్ని. సరే, వచ్చి చెబుతానన్నాను. ఏమేమి మాట్లాడాలో బస్సులో వరస పెట్టుకున్నాను కూడా. నేను నలుగురి ముందు బాగా మాట్లాడతానని పేరు. అవ్వ నుంచి వచ్చిందే.

శ్రీరాంపూర్ క్వార్టర్లు సగం తాళాలు వేసి ఉన్నాయి. పగలు పడుకునే మొగవాళ్లు ఇప్పుడు కిటికీకి కూలర్ పెట్టుకుని, దాని మోతలో హాయిగా నిద్రపోతున్నారు. గాజులు కట్టేసుకునే అవసరం ఎవరికీ లేదు. బాలవాడికి రంగులు వేశారు, గోడ మీద ఏనుగూ ఆపిల్ పండూ ఉన్నాయి, పిల్లలు ఆటోల్లో వస్తున్నారు. జట్లవారీ సంఘం ఎప్పుడో పోయింది. కానీ ఐదుగురి కట్టుబాటు, మస్టర్ పుస్తకం, ఏడాది మాట అన్నీ అట్లాగే ఉన్నాయి, ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు మాత్రం లేరు. అప్పట్లో ఒక తీర్మానానికి ఏడుగురు వచ్చి జుట్లు పట్టుకునేవారు. ఇప్పుడు పోట్లాటలూ లేవు, మనుషులూ లేరు. ఏది మేలో నాకు తెలియలేదు. మెట్టు మాత్రం మారలేదు. సిమెంటు పూశారు, అంతే. లోపలి నుంచి పోపు వాసన వస్తోంది. నా కోసమని స్వరూప గుడాలు చేయించింది.

"రాండ్రి మేడం, మీ కోసమే ఆగినం" అని గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పుస్తకం, పెన్ను.

మెట్టు మీద ఒక కాలు పెట్టి అడిగాను. "ఎంతమంది వచ్చిండ్రు?"

"నలుగురం మేడం. మీతోని ఐదుగురం. మస్టర్ ఏసి కూసోండ్రి, మీరు చెప్పేది చెప్పుండ్రి, అటెన్క పేరు సంగతి పెడుదాం. మిగిలినోళ్లందరు ఓకే అన్నరు."

వరస పెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. లోపలికి పోతే గంటసేపు మాట్లాడగలను, బాగా మాట్లాడతాను. వాళ్లు కళ్లు తుడుచుకుంటారు కూడా. ఆ తర్వాత అవ్వ మీద గౌరవం కొద్దీ ఆమె పేరు పెట్టడానికే నాలుగు చేతులూ లేస్తాయి. కాలు వెనక్కి తీసుకుని మెట్టు మీద కూలబడ్డాను.

"ఏమైంది మేడం? లోపలికి రాండ్రి."

"నేను ఇక్కడనే కూసుంట స్వరూపా."

"మీరు రాకపోతే తీర్మానం పడిపోతది మేడం. మల్ల ఏడాదిదాక ఎత్తనీకె రాదు."

"ఎర్క."

ఆమె పరేషానై నా వైపు చూసి లోపలికి పోయింది. లోపల గుసగుసలు వినిపించాయి. నేను చేసింది మంచో చెడో, అవ్వకు న్యాయమో ఇంకో తప్పో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కాసేపటికి స్వరూప స్టీలు ప్లేటులో గుడాలు తెచ్చి నా పక్కన పెట్టింది. "లోపలికి రానోళ్లకు పెట్టరు గద?" అన్నాను. "గదేం రూలు మేడం, నేనెన్నడు ఇనలే. తినుండ్రి" అన్నది. అలసందలు. సగం తిన్నాను. మిగతా సగం ప్లేటులో ఒక పక్కకు జరిపి, ఎండ మెట్టు దిగేదాకా అక్కడే కూర్చున్నాను.